బొగ్గు ఊరిలో నీలం కారు

మా షెడ్డు గోదావరిఖనిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉండేది. మూడు వైపుల రేకులు, ముందు ఒక టార్పాలిన్ పరదా. కార్లకు సొట్టలు తీయడం, రంగులు వేయడం మా పని. మా ఆయన హైదరాబాదులో ఒక పెద్ద గ్యారేజీలో రంగుల పని నేర్చినవాడు. మా నాన్న బొగ్గు గనుల కంపెనీలో పంపు ఆపరేటరు. నేను కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. అమ్మను, మా చర్చిని, ఈ ఊరిని విడిచి రానని పెళ్ళికి ముందే గట్టిగా చెప్పాను. అందుకే ఆయన పట్నం విడిచి ఇక్కడికి వచ్చి షెడ్డు పెట్టుకున్నాడు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. హైదరాబాదులో తాను రంగులేసిన బండ్ల గురించి ఆయన అన్నం తింటూ చెప్పేవాడు. నారింజ రంగు కార్లు, రెండు తలుపులవి, నేలను రాసుకునేంత కిందికి దించి వెనుక డిక్కీ మీద రెక్కలాంటి పలక బిగించినవి. నాకవి టీవీలో చూసినట్టే ఉండేవి. ఇక్కడ మొదటి ఏడాదంతా ఆయన కొట్టిన రంగు తెలుపు ఒక్కటే. కంపెనీ ఆఫీసులకు కిరాయికి తిరిగే జీపులన్నీ తెల్లవి. కిరాయికి ఇవ్వనివాడు కూడా రేపెప్పుడైనా ఇవ్వొచ్చు, లేకపోతే అమ్ముకోవచ్చు అని తెలుపే అడిగేవాడు. కొంచెం తెగింపు ఉన్నవాళ్ళు బూడిద రంగు అడిగేవాళ్ళు. ఎందుకంటే అది దుమ్మును దాచుకుంటుంది.

గోదావరి దాటి మంచిర్యాలకు పోతే సంగతి వేరు. అక్కడి దుకాణదారులకు ముదురు ఎరుపు కావాలి, తలుపుల అంచులకు మెరిసే పట్టీలు కావాలి. కరీంనగర్ నుంచి వచ్చే పడుచువాళ్ళు నలుపు తప్ప మరొకటి చూడరు. కాసిపేట వైపు జీపులకు ముందర ఇనుప గార్డు, పైన సామాన్ల జాలీ, వెనుక అద్దం మీద పిల్లల పేర్లు లేకపోతే అది బండే కాదు. పట్నంలో బండిని కిందికి దించితే సోకు. మా దగ్గర ఎవడు బండి కొన్నా మొదట స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టించి పైకి లేపించేవాడు. లారీలు తొక్కి తొక్కి గుంతలు పడిన రోడ్ల మీద బండి కడుపు పగలకుండా ఉండాలి కదా. ఇదంతా నేను ఆయన పక్కన నిలబడి, గీతలు పడిన చోట వాటర్ పేపరు అనే గరుకు కాగితం రుద్దుతూ నేర్చుకున్నాను. రుద్దే పని నాది, రంగు చిమ్మే గన్ను పట్టే పని ఆయనది. ఏడెనిమిదేళ్ళు అట్లానే నడిచింది.

ఒక చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుని వదల్లేదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు. దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ ఫోటో చూసి, ఆయన చేసే పని ఏమిటో అడిగింది. చెప్పాక కలం కింద పెట్టేసింది.

"ఇక ఆ గన్ను పట్టుకోవద్దు. రంగు గాలిలో ఉన్నప్పుడు ఆ గదిలో కూడా ఉండొద్దు. మందులు ఇస్తాను, కానీ మీరు ఈ మాట వినకపోతే మందులు ఏమీ చెయ్యవు."

బయటికొచ్చి వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఆయన, "షెడ్డు ఎవలికన్న ఇద్దాం. నేను కిరాణం దుకాణంల కూసుంట," అన్నాడు.

"ఎవలికి ఇచ్చేది లేదు. గన్ను నేను పడత," అన్నాను.

"నువ్వా?"

"నేనే. నువ్వు బయట కూసొని చెప్పు."

ఆ మాట నేను ముందే అనుకుని అన్నది కాదు. కానీ నోటినుంచి వచ్చాక అది నా మాటే అనిపించింది. నేను వేస్తే ఆయనలా నాకూ జబ్బు రాదా అని ఆయన భయం. ఆయన ఇన్నేళ్ళూ మూతికి చేతిరుమాలు కట్టుకునే రంగు వేశాడు. నేను కరీంనగర్ నుంచి గాలి వడగట్టే డబ్బాలున్న మాస్కు తెప్పించుకున్నాను. అది పెట్టుకుంటే నా ముఖం ఏదో జంతువు ముఖంలా ఉందని అమ్మ అన్నది. ఉండనీ అన్నాను.

పాత ఇనుప సామాను కొట్టు నుంచి తుక్కు కింద పడేసిన కారు తలుపులు, బానెట్లు తెచ్చుకుని వాటి మీద నేర్చుకున్నాను. రేకు గోడకు ఒక చిన్న కిటికీ కోయించి దానికి అద్దం బిగించాం. ఆయన అవతల కుర్చీ వేసుకుని చూసేవాడు. గన్ను జానెడు దూరంలో ఉండాలి, చెయ్యి ఎక్కడా ఆగకూడదు, తలుపు అంచు దాటాకే మీట వదలాలి. చెయ్యి ఆగితే రంగు కారుతుంది, తొందరపడితే మరకలు మరకలుగా పడుతుంది. నేను తప్పు చేసినప్పుడల్లా ఆయన అద్దం మీద వేలితో కొట్టేవాడు. మొదట్లో ఆ చప్పుడు వింటేనే కోపం వచ్చేది. ఎండాకాలం వచ్చేసరికి ఆ చప్పుడు తగ్గింది. వానలకు ముందు పూర్తిగా ఆగిపోయింది.

పని వచ్చింది, గిరాకీ రాలేదు. బండి తెచ్చినవాళ్ళు మా ఆయన కుర్చీలో కూర్చుని ఉండటం, నేను మాస్కు మెడకు వేలాడేసుకుని రావడం చూసి మళ్ళీ వస్తామని పోయేవాళ్ళు. కిరాయి జీపులు నడిపించే ఒకాయన మొహం మీదనే అన్నాడు.

"చెల్లే, వాకిట్ల ముగ్గు ఏసుడు వేరు, బండికి రంగు ఏసుడు వేరు. మీ ఆయనకు నయమైనంక తెస్త."

"ఆయనకు నయమైనా రంగు ఏసేది నేనే అన్నా. ఒక్క తలుపు ఇడిసిపో. నచ్చకపోతే మల్ల రుద్ది, వేరేటోల్లతోని ఏయించి ఇస్త."

ఆయన నవ్వి బండి తిప్పుకుని పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికి పోయి స్కూటర్ల మడ్‌గార్డులు, ఇనుప బీరువాలు, పెళ్ళి మంచాలు ఏవైనా సరే పట్టుకురమ్మని క్వార్టర్లలో అందరికీ చెప్పొచ్చాను. ఆ ఏడు మా లైన్లో బీరువాలన్నీ నా చేతి రంగుతోనే మెరిశాయి. చెయ్యి మాత్రం ఖాళీగా ఉండకూడదని నా పట్టుదల.

వానలు తగ్గుతున్నప్పుడు ఒక పొద్దున షెడ్డు ముందు ఒక వింత బండి ఆగింది. రెండే సీట్లు, రెండే తలుపులు, పైన ఇనుప కప్పుకు బదులు ముడిచి పెట్టుకునే గుడ్డ. మా ఊళ్ళో అటువంటిది ఎవరూ చూసి ఉండరు. ఒకప్పుడు ఎర్రనిదే కానీ ఎండకు వెలిసి బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా అయింది. అందులోంచి తెల్ల లుంగీ కట్టుకున్న పెద్దాయన దిగడానికి తిప్పలు పడ్డాడు. బండి అంత కిందికి ఉంది, ఆయన అంత పొడుగు. వెంటనే వెనక ఆటోలోంచి ఆయన భార్య దిగింది.

ఆయన ఓపెన్ కాస్టులో, అంటే నేల పైనుంచే తవ్వే గనిలో, షావల్ నడిపినవాడు. ఒక్క తోపుకు లారీ సగం నింపే యంత్రం అది. మూడు నెలల కిందట రిటైరయ్యాడు. మా నాన్నకు తెలిసినవాడే, కాబట్టి చిన్నాన్న వరుసతో కాక అని పిలిచాను.

"ఎక్కడిది కాకా ఈ బండి?" అని మా ఆయన కుర్చీలోంచి లేచి దాని చుట్టూ తిరిగాడు. చాలా నెలలకు ఆయన కళ్ళలో ఆ వెలుగు చూశాను.

"పట్నంల ఒకాయన అమ్ముతున్నడంటే తెచ్చిన. బాడీ ఫైబరట, తుప్పు పట్టదు. నా ఉద్యోగమంతా షిఫ్టులకే పోయె. గీమెను ఎన్నడు ఎటు తీస్కపోలే. పెద్ద బండి కొంటె చుట్టాలందరు ఎక్కుతరు. గిది ఇద్దరికే."

ఆయన భార్య ఆటోకు ఆనుకుని నిలబడి, "నేను గీ బండిల ఎక్క," అన్నది. "తొవ్వ పొంటి అందరు నన్నే చూస్తరని ఆటోల అచ్చిన."

రంగు సంగతి అడిగాను. కాక అప్పటికే చాలా ఆలోచించుకున్నాడు. తెలుపు వద్దు, కిరాయి బండి అనుకుంటారు. పసుపు వద్దు, ఆయన ముప్పై ఏళ్ళు కూర్చున్న షావల్ పసుపే, దాని పక్కన తిరిగే డంపర్లూ పసుపే. ఎరుపు గనిలో ప్రమాదం జెండా, అది చూస్తే ఇప్పటికీ కాలు బ్రేకు మీదికి పోతుందన్నాడు. నలుపు గురించి అడగనే వద్దన్నాడు, బొగ్గు చూసింది చాలట.

"మరి ఏది కావాలె?"

"గదే తెలుస్తలేదు బిడ్డా."

మా ఆయన రంగుల అట్ట తెచ్చి బానెట్ మీద పరిచాడు. కాక దాన్ని ఎటు తిప్పినా ఒకే రకంగా చూస్తున్నాడు. ఆమె ఆటో వదిలి దగ్గరికొచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని, అట్ట మీద ఒక ముక్క మీద వేలు పెట్టింది. నెమలి మెడ రంగు. వెలుతురులో తిప్పితే లోపల ఇసుకలా మెరుస్తుంది.

"గిది," అన్నది. "గిట్ల ఉంటె ఎక్కుత."

మా ఆయన నా వైపు చూశాడు. లోపల మెరుపున్న రంగు మామూలు రంగులా కాదు. ఒక్క గీటు దగ్గర చెయ్యి బరువైనా ఎండలో బయటపడుతుంది. దాని మీద మళ్ళీ అద్దంలాంటి లక్క పూత వేయాలి, దాంట్లో దుమ్ము పడితే బియ్యంలో రాయిలా కనబడుతుంది. ఆయన మెల్లగా కాకతో, "గీ రంగు గీ ఊర్ల ఎవ్వరు ఎయ్యలే. కరీంనగర్ పంపుదమా?" అన్నాడు.

"వేరేటోల్లెందుకు? నేను ఏస్త," అన్నాను.

కాక తటపటాయించాడు. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో పోని రంగు ఉంది.

"ఈ బిడ్డనే ఎయ్యనీ," అన్నది భర్తతో. "రంగు చెప్పింది నేను. ఎవరెయ్యాల్నో గూడ నేనే చెప్త."

ఆ రోజు నుంచి ఆమెను చిన్నమ్మ అని పిలిచాను.

మర్నాడు వాళ్ళ పెద్దకొడుకు వచ్చాడు. మంచిర్యాలలో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. తండ్రికి పిచ్చి పట్టిందనీ, బండి అమ్మాలంటే తెల్లదైతేనే ఎవడైనా కొంటాడనీ, మేమైనా చెప్పాలనీ బతిమిలాడాడు. సాయంత్రం ఆ మాట కాకకు చెప్పాను.

"అమ్మేటోనికి చెప్పు గా ముచ్చట. నేను అమ్మేది లేదు," అన్నాడు. అప్పటికే ఆర్టీఓ ఆఫీసుకు పోయి రంగు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టి వచ్చాడు.

పది రోజులకు పైగా రుద్దాను. పాత రంగు తీసి, పగుళ్ళకు పుట్టీ పెట్టి, మళ్ళీ రుద్ది, ప్రైమర్ కొట్టి, మళ్ళీ రుద్దాను. వేళ్ళ చివర చర్మం లేచిపోయింది. కాక రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని బండికి ఇంకా ఏమేం చేయాలో చెప్పేవాడు. ముక్కు నుంచి తోక దాకా రెండు తెల్ల చారలు కావాలి. వెనక రెక్క కావాలి. బండిని రెండంగుళాలు లేపాలి, చక్రాల వెనక బురద రబ్బర్లు వేలాడేయాలి. రెక్క ఉన్న బండికి బురద రబ్బర్లేమిటని మా ఆయన నవ్వాడు.

"పట్నంల ఎట్లుంటదో నాకెందుకు? నేను తిరిగేది గీ రోడ్ల మీద," అన్నాడు కాక. ఆ మాట నాకు బాగా నచ్చింది. పట్నంలో పెట్టెడు ఫోటోలు చూసి వచ్చే కుర్రవాళ్ళ కంటే ఆయనకు తన బండి మీద స్పష్టత ఉంది.

మొదటిసారి రంగు వేసిన రోజు అంతా బాగానే సాగింది. నీలం బాగా కూర్చుంది. మధ్యాహ్నం అన్నాలు తిని లక్క పూత మొదలుపెట్టాను. బానెట్ అయింది, రెండు తలుపులు అయ్యాయి. ఒక్కసారిగా కాళ్ళ కింద నేల కదిలింది. ఓపెన్ కాస్టులో రాయిని పగలగొట్టే పేలుడు. రోజూ వినే చప్పుడే, కాబట్టి దాని సంగతే మరిచాను. రేకులు దడదడలాడి, ఏళ్ళుగా వాసాల మీద పేరుకున్న మసి అంతా తడి పూత మీద రాలింది. గన్ను పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. కిటికీ అవతల మా ఆయన తల పట్టుకున్నాడు.

మళ్ళీ మొత్తం రుద్దాను. రెండోసారి పేలుళ్ళ వేళ తప్పించి పొద్దున్నే మొదలుపెట్టాను. ఈసారి ముసురు పట్టింది. గాలిలో తడి ఉంటే, రంగును పలచన చేసే తిన్నరు ఆరుతూ ఆ తడిని లోపలికి లాక్కుంటుంది, పూత మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర కడుతుంది. ఆ సంగతి మా ఆయన చెప్పాడు. ఆకాశం తేటగానే ఉందని నేనే వినలేదు. సగం పని అయ్యాక చినుకులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి నెమలి మెడ కాస్తా బూడిద పూసినట్టయింది.

ఆ సాయంత్రం మా ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"కరీంనగర్ల నాకు తెల్సిన పెయింటర్ ఉన్నడు. ఒక్క రోజు పిలుద్దాం. నువ్వు చూసి నేర్చుకో. అండ్ల తప్పేం లేదు."

"తప్పు లేదు. గని ఆయన ఏస్తె రేపు ఇంకో బండి అచ్చినప్పుడు మల్ల ఆయన్నే పిలవాలె. ఎన్ని దినాలు పిలుద్దాం?"

ఆయన వాసాల వైపు చూసి, "మరి దుమ్ము సంగతి ఏం జేస్తవ్?" అని అడిగాడు. అట్లా అడిగినప్పుడు ఆయన నా వైపు వచ్చేశాడని తెలిసింది.

కాక దంపతులకు కబురు పెట్టి జరిగింది చెప్పాను. కాక ముఖం చిన్నబోయింది. చిన్నమ్మ బండి దగ్గరికి పోయి ఆ తెల్ల పొర మీద వేలు పెట్టి చూసింది.

"కూర మాడితె పొయ్యి ఆర్పుకుంటమా? మల్ల వండుకుంటం. ఏం గావాల్నో చెప్పు బిడ్డా," అన్నది.

గోనెసంచులు కావాలన్నాను. ఆమె తెలిసిన రైసుమిల్లు నుంచి ఆటో నిండా పంపించింది. వాటిని విప్పి కుట్టి షెడ్డు లోపల నాలుగు గోడలకూ పరదాలుగా కట్టాం. పైకప్పు కింద ప్లాస్టిక్ కాగితం గట్టిగా లాగి బిగించాం. వాసాలన్నీ తడిబట్టతో తుడిచాను. నేల మీద నీళ్ళు నిలిచేట్టు మట్టితో చిన్న గట్టు కట్టాను. గోనెలు తడిపితే గాలిలో దుమ్మును అవి పట్టుకుంటాయని నా ఆలోచన. తడి ఎక్కువైతే మళ్ళీ పూత పాడవుతుందని మా ఆయన భయం. అందుకని బాగా ఎండ కాసే రోజు చూసుకుని, గోనెలు పిండి కట్టాలని ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. మిగిలింది పేలుడు. ఆ రోజుల్లో మా దగ్గరి గనిలో ఆదివారం పేల్చేవాళ్ళు కాదు.

ఆదివారం అనేసరికి అమ్మ అడ్డం పడింది.

"పుట్టిన కాన్నుంచి ఒక్క ఆరాధన తప్పలే నువ్వు. కారు రంగు కోసం తప్పుతవా?"

"ఒక్క ఆదివారం అమ్మా. నా పని నిలవడాలె. ప్రార్థన నేను షెడ్డుల జేస్కుంట, నువ్వు నాకోసం చర్చిల చెయ్యి."

అమ్మ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం తెల్లవారకముందే షెడ్డులో ఉన్నాను. గోనెలు తడిపి, పిండి, మళ్ళీ కట్టాను. నేలకు నీళ్ళు పెట్టాను. నెత్తికి గుడ్డ కట్టి, చీర మీద మా ఆయన పాత కోటు వేసుకుని, మాస్కు బిగించుకున్నాను. ఎండ బాగా ఎక్కాక నీలం మొదలుపెట్టాను. ఆ రోజు రోడ్డు మీద లారీలు తక్కువ. కంప్రెసర్ చప్పుడు, నా ఊపిరి తప్ప మరేమీ వినబడలేదు. మొదటి పూత, ఆరడానికి కాసేపు, రెండో పూత, మళ్ళీ కాసేపు. ముక్కు నుంచి తోక దాకా ఒకే నడకలో నడిచాను. నడుము విరిగిపోతున్నా ఆగలేదు, ఎందుకంటే ఆగితే మరక పడుతుంది. మూడో పూత అయ్యాక బయటికొచ్చి నీళ్ళు తాగాను. చారల చోట కాగితాలు అంటించి తెలుపు వేశాను. కాగితాలు పీకినప్పుడు రెండు గీతలూ దారం పట్టి లాగినట్టు వచ్చాయి. చివరికి లక్క. కిటికీ మీద వేలి చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు.

పూర్తి చేసి పరదా తీసి బయటికి వచ్చేసరికి అమ్మ ఉంది. చర్చి నుంచి తెల్ల చీరలోనే వచ్చి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా ఆయన పక్కన కూర్చుంది. ఆమె లేచి కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూసింది.

"నెమలి కూసున్నట్టున్నది," అన్నది. తర్వాత నా చేతికి డబ్బా ఇచ్చి, "తిను ముందు, ఎప్పుడు తిన్నవో," అన్నది.

పూత గట్టిపడ్డాక దాన్ని సానపట్టి, రెక్క బిగించి, పక్క మెకానిక్ చేత బండిని లేపించి, బురద రబ్బర్లు తగిలించాం. కాక, చిన్నమ్మ వచ్చిన రోజు ఎండ బాగుంది. బండిని బయటికి తోసి నిలబెట్టాను. కాక చుట్టూ తిరిగాడు, ఒకచోట వంగి తన ముఖం చూసుకున్నాడు, లుంగీ అంచుతో లేని దుమ్ము తుడిచాడు. చిన్నమ్మ తలుపు తీసి కూర్చుంది. కూర్చుని, సర్దుకుని, "ఇగ నడువు," అన్నది భర్తతో.

వాళ్ళు ఆ రోజు మంచిర్యాల దాకా పోయి వచ్చారు. గోదావరి వంతెన మీద జనం బండ్లు ఆపుకుని చూశారట. కొడుకు దుకాణం ముందు ఆగితే, వీధంతా గుమిగూడిందట. కొడుకు సిగ్గుపడి లోపలికి పోయి, కాసేపటికి తోటి పనివాళ్ళను వెంటేసుకుని వచ్చి మా నాయనదే అని చూపించాడట. ఎవరేశారని అడిగినవాళ్ళందరికీ చిన్నమ్మ నా షెడ్డు గుర్తులు చెప్పింది. ఆడమనిషి వేసిందంటే నమ్మనివాళ్ళకు, "పోయి చూడున్రి, ఆమె గోర్లు ఇంక నీలంగనే ఉన్నయి," అన్నదట.

వారం తిరగకముందే మంచిర్యాల నుంచి ఒక దుకాణదారు వచ్చాడు. తన ముదురు ఎరుపు కారు మీద అట్లాంటి చారలు కావాలన్నాడు. ఆ తర్వాత నస్పూర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు, తర్వాత రామగుండం నుంచి ఒక టీచరమ్మ. ఆమె తన చిన్న కారుకు ఉల్లిపొర రంగు అడిగింది. అది కలపడానికి మా ఆయనకు రెండు రోజులు పట్టింది. మాస్కు పెట్టుకుని, గాలి తగిలేట్టు బయట కూర్చుని కలిపేవాడు. తిన్నరు వాసన ఎక్కువైతే నేను డబ్బా లాక్కునేదాన్ని. ఊరి బండ్లు ఒక్కసారిగా రంగులమయం అయ్యాయని చెప్పను. ఎక్కువమంది తెలుపే అడిగారు, ఇప్పటికీ అడుగుతారు. కానీ అట్ట పరిచి వేరే రంగు మీద వేలు పెట్టేవాళ్ళు నెలకొకరైనా వచ్చేవాళ్ళు. నాకు అది చాలు.

తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కిన రోజుల్లో రంగుల పని తగ్గి, నంబర్ ప్లేట్ల పని పెరిగింది. బైకులు, జీపులు వరుసకట్టి నిలబడేవి. ఏపీ చెరిపి టీజీ రాయమనేవాళ్ళు. గనులు బంద్ పెట్టిన సమ్మె అప్పుడు జీతాలు లేక ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అయినా ప్లేటు మాత్రం మార్పించుకునేవాళ్ళు. నేను నిలబడి రాస్తూనే ఉండేదాన్ని. రాష్ట్రం వచ్చాక అది టీఎస్ అయింది, మళ్ళీ అందరూ వచ్చారు. కొందరివి నా చేతనే రెండుసార్లు మారాయి.

ఆ ఏడాదే రోడ్డు వెడల్పు చేస్తామని మా వరుసలోని షెడ్లన్నీ తీయమన్నారు. మా ఆయన కొంతకాలం ఆగుదామన్నాడు. ఆయన ఆరోగ్యం అప్పటికి కుదుటపడింది, కానీ మళ్ళీ మొదటినుంచి అంటే అలసట. నేను ఇల్లు ఇక్కడే ఉంచి, గోదావరి అవతల నస్పూర్ వైపు స్థలాలు చూసి వచ్చాను. ఒక రైతు తన పొలం ఒడ్డున రోడ్డు పక్క జాగా కిరాయికి ఇస్తానన్నాడు.

"ఈసారి రేకులు కాదు, ఇటుక గోడలు," అన్నాను మా ఆయనతో. "లోపలి గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టాలె. నీ కుర్చీకి నీడ ఉండాలె."

"గోడలు లేవంగనే బండ్లు అస్తయా?"

"లేచేదాక ఎందుకాగుడు?"

నిజంగానే ఆగలేదు. పునాది తవ్వుతున్నప్పుడే ఒక డ్రైవరు తలుపు నొక్కుకుపోయిన ఆకుపచ్చ కారుతో వచ్చాడు. ఎద్దు పొడిచిందట. మేస్త్రీ ఇసుక కుప్ప పక్కన బండిని నీడలో పెట్టించాను. మా ఆయన తలుపు తట్టి చూసి, సొట్ట ఎంత లోతుకు పోయిందో చెప్పాడు. నేను బకెట్టులో నీళ్ళు తెచ్చుకుని, వాటర్ పేపరు ముంచి, రుద్దడం మొదలుపెట్టాను.